ఉదయం తిన్న ఓట్స్ సాయంత్రపు బజ్జీలకు అడ్డుపడతాయా?

ప్రశ్న: మావారికి 48 ఏళ్లు. మేము పెదవాల్తేరులో ఉంటాం. ఈ మధ్య చేయించిన రక్తపరీక్షలో మొత్తం కొలెస్ట్రాల్ 225, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 142, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) 235 వచ్చాయి. షుగరు లేదు కానీ బీపీ హద్దులో ఉందన్నారు. అప్పటి నుంచి పొద్దున్నే ఓట్స్ కాచి ఇస్తున్నాను. కొవ్వు ఎక్కువున్న భోజనం వల్ల రక్తనాళాలకు జరిగే హానిని ఓట్స్ ఆపుతాయని మా అమ్మాయి ఎక్కడో చదివి చెప్పింది. ఆ మాట ఆయనకు బాగా పనికొచ్చింది. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఆర్.కె. బీచ్ దగ్గర బజ్జీలో పునుగులో తింటారు, ఆదివారం బిర్యానీ ఉండాల్సిందే, అడిగితే "పొద్దున ఓట్స్ తిన్నాను కదా" అంటారు. ఇందులో నిజమెంత? మా అత్తగారేమో ఓట్స్ ఎందుకు, చోడి (రాగి) అంబలి చాలదా అంటున్నారు. మావారికి భోజనం తర్వాత సిగరెట్టు అలవాటు, రోజుకు రెండో మూడో. — ఒక గృహిణి, విశాఖపట్నం

సమాధానం: మీ అమ్మాయి చదివినది తప్పు కాదు. దాని నుంచి మీవారు తీసుకున్న వెసులుబాటే తప్పు. ఆమె చదివిన విషయానికి మూలం బహుశా అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ కాట్జ్ బృందం 2001లో ప్రచురించిన పరిశోధన అయి ఉంటుంది. ఆరోగ్యవంతులైన 50 మందికి కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనం పెట్టి, దానికి జతగా ఒకసారి ఓట్స్, ఒకసారి గోధుమతో చేసిన ఆహారం, మరోసారి విటమిన్ ఇ ఇచ్చి, వారి రక్తనాళాలు ఎలా స్పందిస్తున్నాయో కొలిచారు. గోధుమ తిన్నప్పుడు రక్తనాళాల స్పందన మందగించింది. ఓట్స్ తిన్నప్పుడు, విటమిన్ ఇ తీసుకున్నప్పుడు మందగించలేదు. ఇక్కడ మీవారు గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆ పరిశోధనలో ఓట్స్ తిన్నది కొవ్వు భోజనానికి జతగా, అదే పూట. ఉదయం ఎనిమిదింటికి తిన్న ఓట్స్ సాయంత్రం ఆరింటికి తినే మిరపకాయ బజ్జీకి కాపలా కాస్తాయని ఆ పరిశోధన ఎక్కడా చెప్పలేదు.

అసలు అక్కడ కొలిచినదేమిటో కొంచెం వివరంగా తెలిస్తే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. మన రక్తనాళాల లోపలి గోడ పొడవునా ఎండోథీలియం అనే ఒక పలుచని పొర ఉంటుంది. దాని మందం ఒక్క కణమే. చాలాకాలం దానిని కేవలం అస్తరుగానే భావించారు. నాళం వదులు కావాలంటే ఈ పొర నుంచి ఒక సంకేతం వెలువడాలని 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ చూపించారు. ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువేనని తరువాత తేలింది. ఆయనకూ, లూయీ ఇగ్నారో, ఫెరీద్ మురాద్‌లకూ కలిపి 1998లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది ఈ పరంపరలోని పనికే. ఈ పొర ఆరోగ్యంగా ఉన్నంతకాలం నాళం అవసరాన్ని బట్టి విప్పారుతుంది, రక్తం అనవసరంగా గడ్డకట్టదు, తెల్లకణాలు గోడకు అంటుకోవు. అది దెబ్బతిన్నచోట కొలెస్ట్రాల్ గోడలోకి చేరి పేరుకోవడం మొదలవుతుంది. గుండెపోటుకు దారితీసే పూడిక ఒక్కరోజులో వచ్చేది కాదు. దాని తొలి అడుగు ఈ పొర మందగించడమే.

ఆ మందగింపును సూది గుచ్చకుండానే కొలిచే పద్ధతిని డేవిడ్ సెలెర్‌మాయర్ బృందం 1992లో వివరించింది. బీపీ చూసేటప్పుడు కట్టే పట్టీ వంటిదాన్ని చేతికి కట్టి, అయిదు నిమిషాల పాటు రక్తప్రవాహం ఆగేలా బిగించి, ఒక్కసారిగా వదులుతారు. ఆగిన రక్తం ఉరవడిగా వచ్చి నాళం గోడను ఒరుసుకుపోయేటప్పుడు ఎండోథీలియం నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తుంది, నాళం విప్పారుతుంది. ఎంత విప్పారిందో అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. బాగా విప్పారితే పొర బాగున్నట్టు. ఈ పరీక్ష పరిశోధనల్లో వాడేదే తప్ప మీరు వెళ్లి చేయించుకోవలసిన పని లేదు.

1997లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వోగెల్ బృందం ఇదే పరీక్షను భోజనానికి ముందూ వెనుకా చేసింది. పదిమంది ఆరోగ్యవంతులకు ఒకరోజు 900 కేలరీలు, 50 గ్రాముల కొవ్వు ఉన్న ఫలహారం పెట్టారు. మరోరోజు అవే 900 కేలరీలు ఉన్నా కొవ్వు లేని ఫలహారం పెట్టారు. కొవ్వు ఫలహారం తరువాత రెండు, మూడు, నాలుగు గంటల వద్ద చూస్తే నాళం విప్పారే శక్తి సుమారు సగానికి పడిపోయింది. కొవ్వు లేని ఫలహారం తరువాత పడిపోలేదు. పదిమందితో చేసిన చిన్న పరిశోధన అయినా, ఆ తరువాత చాలాచోట్ల ఇటువంటి ఫలితాలు కనిపించాయి. పేగుల నుంచి వచ్చిన కొవ్వు రక్తంలో ట్రైగ్లిజరైడ్లుగా మూడు నాలుగు గంటల వద్ద పతాక స్థాయికి చేరుతుంది. ఆ సమయంలో నాళాల గోడల్లో పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను పనిచేయకముందే హరించివేస్తాయి.

50 గ్రాముల కొవ్వు అంటే సుమారు మూడున్నర పెద్ద చెంచాల నూనె. హోటల్లో మూడు పూరీలు, ఆలూ కూర, పక్కన రెండు బజ్జీలు తిన్నవారు దానికి దగ్గరగా వెళ్లడం కష్టమేమీ కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల రోజుకు సూచించిన నూనె, నెయ్యి వంటివన్నీ కలిపినా 27 గ్రాములే. అంతకంటే నాకు ఆందోళన కలిగించేది మన భోజన వేళలు. ఉదయం తొమ్మిదింటికి టిఫిను, ఒంటిగంటకు భోజనం, ఆరింటికి బజ్జీలు, తొమ్మిదిన్నరకు రాత్రి భోజనం: ఒక పూట తిన్న కొవ్వు రక్తం నుంచి పూర్తిగా తొలగకముందే మరో పూటది వచ్చి చేరుతుంది. ట్రైగ్లిజరైడ్లు పరగడుపునే 235 ఉన్న మనిషిలో ఆ కొవ్వు తొలగడం మరింత ఆలస్యమవుతుంది. అంటే మీవారి రక్తనాళాలకు మెలకువగా ఉన్న వేళల్లో విశ్రాంతి దొరికే గంటలు చాలా తక్కువ. పరగడుపున తీసిన రక్తంలో ఈ సంగతి పూర్తిగా కనిపించదు.

కొవ్వు ఎంత అన్నదానితో పాటు అది ఎలాంటిది అన్నదీ ముఖ్యమే. 1999లో న్యూజీలాండ్‌లో చేసిన ఒక పరిశోధనలో, వేపుళ్లకు పదేపదే కాచిన నూనెకొవ్వుతో భోజనం పెడితే నాళాల స్పందన దాదాపు అడుగంటింది. అదే మోతాదులో వాడని తాజా కొవ్వు పెట్టినప్పుడు అంత హాని కనిపించలేదు. అందువల్ల బజ్జీల బండి దగ్గర నేను మొదట చూడమనేది శనగపిండినీ మిరపకాయనీ కాదు, మూకుడులోని నూనె రంగును, వాసనను, దాని మీద తేలే నురగను. కాగీ కాగీ చెడిన నూనెలో పేరుకునే పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని మన దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 నుంచి నిబంధన అమలు చేస్తోంది. 2022 నుంచి నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించకూడదన్న హద్దు కూడా ఉంది. కానీ సాయంత్రం బండి దగ్గర ఆ కొలతలు తీసేవారెవరు? ఇంట్లో కూడా, అమ్మా, అప్పడాలు, వడియాలు వేయించిన నూనెను వడగట్టి మర్నాడు వేపుడుకు, మరో రోజు మళ్లీ పూరీలకు వాడే అలవాటు ఉంటే మానుకోండి. నూనె ధర చూస్తే పారబోయడానికి చేయి రాదని నాకు తెలుసు; అందుకే మూకుడులో తక్కువ పోసి వేయించండి, మిగిలిన దానిని ఒక్కసారి తాలింపులకు వాడి ముగించండి.

ఇప్పుడు ఓట్స్ సంగతికి వద్దాం. యేల్ పరిశోధనలో ఓట్స్‌తో సమానంగా విటమిన్ ఇ కూడా రక్తనాళాలను కాపాడిందని పైన రాశాను. ఆ ఒక్క ఫలితాన్ని నమ్ముకుని అందరూ విటమిన్ ఇ మాత్రలు మింగి ఉంటే ఏమయ్యేది? 2000లో వెలువడిన హోప్ అనే పెద్ద పరిశోధనలో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 9,500 మందికి పైగా మనుషులను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ, మరో వర్గానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, సగటున నాలుగున్నరేళ్లు గమనించారు. గుండెపోట్లలో గానీ, పక్షవాతంలో గానీ, గుండెజబ్బుతో మరణాల్లో గానీ విటమిన్ వల్ల ఎటువంటి తగ్గుదలా కనిపించలేదు. చేతిలోని నాళం నాలుగు గంటలపాటు బాగా విప్పారడం వేరు, పదేళ్లలో గుండెపోటు రాకుండా ఉండడం వేరు. మొదటిది రెండోదానికి ఒక సూచన మాత్రమే. ఓట్స్ విషయంలోనూ ఇదే జాగ్రత్త పాటించాలన్నది నా అభిప్రాయం: కొవ్వు భోజనంతో కలిపి తింటే ఆ పూటకు కొంత రక్షణ ఉండవచ్చు, కానీ దానిని పూచీకత్తుగా చూపించి రోజూ వేపుళ్లు తినడానికి ఆధారం లేదు.

అలాగని ఓట్స్ మానేయకండి. వాటికి మరింత గట్టి ఆధారమున్న మేలు ఒకటి ఉంది, అది ఎల్‌డీఎల్ తగ్గడం. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు నీటిలో కలిసి జిగురుగా మారుతుంది. మీరు ఓట్స్ కాచేటప్పుడు గిన్నెకు అంటుకునే ఆ జిగురే పేగుల్లో పైత్యరస లవణాలను పట్టుకుని బయటికి పంపుతుంది. కోల్పోయిన పైత్యాన్ని మళ్లీ తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను తీసుకుంటుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందితే, సంతృప్త కొవ్వు తక్కువ ఉన్న భోజనంతో కలిసి, గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని ఓట్స్ పొట్లాల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లోనే అనుమతించింది. అనేక పరిశోధనల ఫలితాలను కలిపి చూస్తే ఎల్‌డీఎల్ సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. మీవారి 142 మీద అది ఏడు నుంచి పది పాయింట్లు. ఓట్స్‌లో అవెనాంత్రమైడ్లు అనే ప్రత్యేక పదార్థాలు కూడా ఉన్నాయి. ప్రయోగశాలలో అవి ఎండోథీలియం కణాల చేత నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా తయారు చేయించాయి గానీ, గిన్నెడు ఓట్స్ నుంచి ఆ ప్రభావం ఎంత అందుతుందన్నది మరో లెక్క.

3 గ్రాముల బీటా గ్లూకాన్ కావాలంటే సుమారు 75 గ్రాముల పొడి ఓట్స్ కావాలి. రెండు మూడు చెంచాలు పాలలో కలిపి ఇస్తే ఆ మోతాదు రాదు. ఉదయం 40 గ్రాములు జావగానో ఉప్మాగానో, మిగతా 35 గ్రాములు సాయంత్రం బజ్జీల వేళకు మజ్జిగలో కాచిన జావగానో, రాత్రి పెసరపిండితో కలిపి వేసిన అట్టుగానో ఇవ్వండి. ఒక షరతు: ఇవి ఇడ్లీల మీద అదనం కాకూడదు, వాటి బదులు కావాలి, 75 గ్రాముల ఓట్స్‌లో దాదాపు 290 కేలరీలున్నాయి, అదనంగా తింటే బరువు పెరుగుతుంది. ఓట్స్ ఉప్మాకు తాలింపులో గరిటెడు నూనె పోసేస్తే చేసిన పని చెడగొట్టుకున్నట్టే. చిన్న పొట్లాల్లో వచ్చే మసాలా ఓట్స్‌లో ఉప్పు ఎక్కువ, బీపీ హద్దులో ఉన్నవారికి అవి వద్దు. ఓట్స్ బిస్కట్ల మీద కూడా నాకు నమ్మకం లేదు. వాటిలో పిండి, చక్కెర, కొవ్వు ముందు వరుసలో ఉంటాయి, పైగా బాగా దంచి ప్రాసెస్ చేసిన బీటా గ్లూకాన్‌కు జిగురు గుణం తగ్గితే పనితనమూ తగ్గుతుంది.

మీ అత్తగారి మాటను తోసిపుచ్చకండి. చోడి అంబలి మంచిదే. తెల్లన్నం, మైదా పూరీల కంటే ఎన్నో రెట్లు మెరుగు, కాల్షియం పుష్కలంగా ఉంటుంది. కానీ కొలెస్ట్రాల్‌ను తగ్గించే ఆ జిగురు పీచు చోళ్లలో ఓట్స్‌లో ఉన్నంతగా ఉండదు. ఆ పీచు బాగా ఉన్న మరో ధాన్యం మన ఇళ్లకు కొత్తదేమీ కాదు, జ్వరం వచ్చినప్పుడు కాచే బార్లీ. గింజలను వడగట్టి పైనీళ్లు మాత్రమే తాగితే లాభం తక్కువ. రాత్రి నానబెట్టి మెత్తగా ఉడికించి గింజలతో సహా మజ్జిగలో కలుపుకుని తాగాలి. వారంలో కొన్ని రోజులు చోడి అంబలిలోనే ఉడికిన బార్లీ కలిపి ఇస్తే అత్తాకోడళ్ల మాట రెండూ నెగ్గుతాయి.

అయితే ఓట్స్, బార్లీ రెండూ ఎల్‌డీఎల్ మీద చూపే ప్రభావాన్ని ట్రైగ్లిజరైడ్ల మీద అంతగా చూపవు. మీవారికి ఎక్కువగా ఉన్న 235, తక్కువగా ఉన్న 36, ఈ రెండు అంకెలు చాలామందిలో నడుం చుట్టుకొలత, తెల్లన్నం మోతాదు, తీపి పదార్థాలు, మద్యం, కూర్చుని చేసే ఉద్యోగం చెప్పే అంకెలు. ఇక్కడ పనిచేసేది నడక. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో 2009లో ప్రచురితమైన ఒక చిన్న పరిశోధనలో, ముందురోజు వ్యాయామం చేసినవారు మర్నాడు కొవ్వు భోజనం చేస్తే రక్తనాళాల స్పందన పడిపోలేదు. వ్యాయామం చేయని రోజున పడిపోయింది. ఒక పూట తిన్న ఓట్స్ మరో పూటకు కాపలా కాస్తుందని చెప్పడానికి ఆధారం లేదు గానీ, ఇవాళ్టి చెమట రేపటి భోజనం దాకా పనిచేయవచ్చని చెప్పడానికి కొంత ఆధారం ఉంది. పెదవాల్తేరు నుంచి బీచ్ రోడ్డు దగ్గరే కదా. ఉదయం వాహనాలు ఆపే వేళలో ముప్పావుగంట, మాట్లాడుతూ నడవగలిగినా పాట పాడలేనంత వేగంతో నడవమనండి. ముందు డాక్టరుకు చూపించకుండా ఒక్కసారిగా కైలాసగిరి మెట్లు ఎక్కే ఉత్సాహం మాత్రం వద్దు. నడుస్తుంటే ఛాతీలో పట్టేసినట్టు ఉన్నా, దవడకో చేతికో నొప్పి పాకినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

సాయంత్రపు తిండిని పూర్తిగా నిషేధిస్తే వారం కూడా నిలవదు. అదే బీచ్‌లో కాల్చిన మొక్కజొన్న పొత్తు, ఉడికించిన వేరుశనగలు, నూనె తక్కువ వేయమని చెప్పి చేయించుకున్న ముంత మసాలా దొరుకుతాయి. బజ్జీలను వారంలో ఒక్క సాయంత్రానికి, అదీ రెండు బజ్జీలకే పరిమితం చేయండి. ఆదివారం బిర్యానీ తప్పదంటే అందులో నూనె, డాల్డా ఎంత ఉందో మీ చేతిలో ఉండేలా ఇంట్లో వండండి. పక్కన పెరుగుపచ్చడి, కీరా, ఉల్లి ఎక్కువ, అన్నం తక్కువ, ఆ రాత్రికి ఓట్స్ జావ. వారానికి రెండుసార్లు ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చే కవళ్లో, కానాగంతలో పులుసు పెట్టండి. ట్రైగ్లిజరైడ్ల మీద పనిచేసే ఒమేగా 3 కొవ్వు ఖరీదైన వంజరంలోనే ఉండాలని లేదు, చవకగా దొరికే ఈ చేపల్లో బాగా ఉంది. వేయిస్తే మళ్లీ మొదటికే వస్తాం.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన వాక్యం చివర, ఏదో మామూలు సంగతిలా రాశారు. రోజుకు రెండు మూడు సిగరెట్లే కదా అని ఇద్దరూ అనుకుంటున్నట్టుంది. పొగ ఎండోథీలియాన్ని నేరుగా దెబ్బతీస్తుంది. కొవ్వు భోజనం తరువాత నాళాలు మందగించి ఉన్న వేళలోనే మీవారు దానిని వెలిగిస్తున్నారు. 2018లో అనేక పరిశోధనలను కలిపి చేసిన విశ్లేషణలో, రోజుకు ఒక్క సిగరెట్టు తాగినా, ఇరవై తాగేవారికి వచ్చే అదనపు గుండెజబ్బు ముప్పులో సుమారు సగం వస్తుందని తేలింది. తగ్గించడం వల్ల పెద్ద లాభం లేదు, మానడం వల్లనే లాభం. ఓట్స్, బజ్జీల వాదనలో ఎవరు గెలిచినా నాకు అభ్యంతరం లేదు. సిగరెట్టు విషయంలో మాత్రం ఆయన చేత ఒక తేదీ పెట్టించండి, సొంతంగా సాధ్యం కాకపోతే దానికి మందులున్నాయి, డాక్టరును అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు.

మందుల విషయం ఈ శీర్షికలో తేల్చేది కాదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు వచ్చిన సగటు వయసు 53. మిగతా ప్రాంతాల వారికి 59కి దగ్గర. 48 ఏళ్లు, పొగ, హెచ్‌డీఎల్ 36, హద్దులో బీపీ, ఇవన్నీ కలిపి చూసి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు అవసరమా కాదా డాక్టరు నిర్ణయిస్తారు. రాసిస్తే ఓట్స్ ఉన్నాయి కదా అని మానవద్దు. పై మార్పులు మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్ష మళ్లీ చేయించండి. 10 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా ఉండి, ఆదివారపు విందు మర్నాడు కాకుండా మరేదైనా రోజున రక్తం ఇవ్వండి. ఎల్‌డీఎల్ దిగి ట్రైగ్లిజరైడ్లు కదలకపోతే అది ఓట్స్ లోపమని అనుకోకండి. అన్నం మోతాదు, నడక, సాయంత్రపు తిండి, ఈ మూడింటిలో ఏది మారలేదో చూసి ఆ వివరం రిపోర్టుతో పాటు డాక్టరుకు చెప్పండి.